ఆర్థిక వృద్ధి, నిరుద్యోగం: పొరుగు ప్రాంతాల మధ్య లంకె

ఒక ప్రాంతంలో ఉత్పత్తి పెరిగితే అక్కడ పనిలేనివాళ్ళు తగ్గుతారన్నది అర్థశాస్త్రంలో బాగా నలిగిన మాట. ఆ పెరుగుదల పక్క ప్రాంతానికి ఏం చేస్తుందన్నది అంతగా నలగని ప్రశ్న. పక్కవాళ్ళకూ పని దొరకవచ్చు. లేదంటే వాళ్ళ పెట్టుబడినీ పనివాళ్ళనూ ఇటే లాక్కోవచ్చు. ఐరోపా దేశాల మధ్య ఈ సంగతిని చాలాకాలంగా లెక్కగడుతున్నారు. మన దగ్గర అదే ప్రశ్నను రాష్ట్రాల సరిహద్దు మీద నిలబడి అడగాలి. బుక్కపట్నం, పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ఉన్న సీమ అందుకు బాగా సరిపోతుంది. ఇక్కడి జనం ఆంధ్రప్రదేశ్‌లో ఓటు వేస్తారు, పని కోసం కర్ణాటక వైపు చూస్తారు.

బుక్కపట్నం విజయనగర రాజు బుక్కరాయల పేరు మీద వెలసిన ఊరు. చిత్రావతి నీటితో నిండే పెద్దచెరువు ఆ ఊరికి గుర్తు. చెరువు నిండిన ఏడాది కట్ట కింద వరి నాట్లు, నిండని ఏడాది బెంగళూరు బస్సు. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లాను విడదీసి పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పాటు చేశాక ఇది ఆ జిల్లాలో మండల కేంద్రం. విజయవాడ పోవాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. బెంగళూరు సుమారు 160 కిలోమీటర్లే. పొద్దున పోయి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు.

ఓకన్ సూత్రం

వృద్ధికీ నిరుద్యోగానికీ మధ్య లంకెను అంకెల్లో చూపినవాడు అమెరికా ఆర్థికవేత్త ఆర్థర్ ఓకన్ (1928–1980). నిరుద్యోగం ఒక శాతం తగ్గితే దేశానికి ఎంత ఉత్పత్తి కలిసొస్తుందని రెండో ప్రపంచయుద్ధం తర్వాతి అమెరికా లెక్కలు తీసి, సుమారు మూడు శాతమని 1962లో తేల్చాడు. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని రెండు శాతం దాకా దించారు. తిరగేసి చెబితే, ఉత్పత్తి మామూలు కన్నా ఒక శాతం ఎక్కువ పెరిగినప్పుడు నిరుద్యోగిత రేటు అర శాతానికి కాస్త తక్కువగా తగ్గుతుంది. దీనికి ఓకన్ సూత్రమన్న పేరు స్థిరపడింది. నిజానికి ఇది సూత్రం కాదు, అలవాటు. యజమానులు గిరాకీ తగ్గినప్పుడు మనుషులను ఎంత త్వరగా తీసేస్తారు, గిరాకీ వస్తే ఎంత త్వరగా పెట్టుకుంటారు అన్న దేశాచారాన్ని ఒక అంకెగా రాసుకున్నదే ఇది.

అందుకే అంకె దేశానికొక తీరుగా ఉంటుంది. అమెరికాలో అది 0.45 దరిదాపుల్లో ఉంటే, ఒకే కంపెనీలో జీవితమంతా గడిపే ఆచారమున్న జపాన్‌లో 0.15 దగ్గరే ఆగిపోతుంది. తాత్కాలిక ఒప్పందాల మీద మనుషులను పెట్టుకునే స్పెయిన్‌లో 0.85 దాకా పోతుంది. 2009 మాంద్యంలో జర్మనీ ఉత్పత్తి ఐదు శాతానికి పైగా పడిపోయినా నిరుద్యోగం దాదాపు కదల్లేదు. అక్కడి ఫ్యాక్టరీలు మనుషులను తీసేయకుండా పనిగంటలు తగ్గించాయి, తగ్గిన జీతంలో కొంత ప్రభుత్వం భరించింది. స్పెయిన్ ఉత్పత్తి అంతకన్నా తక్కువే, నాలుగు శాతంలోపే పడింది. అక్కడ 2007లో 8 శాతమున్న నిరుద్యోగం 2009కి 18 శాతమైంది, 2013లో 26 దాటింది.

ఓకన్ తన లెక్కలో పొరుగును పట్టించుకోలేదు. అమెరికా అంత పెద్ద దేశానికి ఆ అవసరం కనబడలేదేమో. చిన్న దేశాలకు అలా కుదరదు. ఫిన్లాండ్‌లో 1990లో నిరుద్యోగం 3 శాతం. మరుసటి ఏడాది పక్కనున్న సోవియట్ యూనియన్ కూలిపోయి, అక్కడికి పోయే సరుకు ఆగిపోయింది. దేశంలోపలి బ్యాంకుల సంక్షోభం కూడా తోడై 1994 నాటికి నిరుద్యోగం 16 శాతం మించింది. లక్సెంబర్గ్‌ది ఇందుకు పూర్తిగా ఎదురు కథ. అక్కడ పనిచేసేవాళ్ళలో దాదాపు సగంమంది పొద్దున ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీల నుంచి వచ్చి సాయంత్రం తిరిగి పోయేవాళ్ళే. లక్సెంబర్గ్ వృద్ధి ఫ్రాన్స్ ఊళ్ళలో నిరుద్యోగాన్ని తగ్గిస్తుంది. ఆ ఊళ్ళకు ఇళ్ళ అద్దెలు, రోడ్ల మీద రద్దీ కూడా అక్కడి నుంచే వస్తాయి. గౌరిబిదనూరు మీదుగా బెంగళూరు పోయే హిందూపురం మెమూ రైలును చూసినవాళ్ళకు ఆ ఊళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పనిలేకుండా ఉండాలన్నా స్తోమత కావాలి

ఓకన్ లెక్కను తెచ్చి రాయలసీమ మీద పరిస్తే మొదటి అడుగులోనే చిక్కుపడుతుంది. 2017 ఏప్రిల్‌లో మొదలైన కేంద్ర ప్రభుత్వ శ్రామికశక్తి సర్వే ప్రకారం దేశంలో నిరుద్యోగిత రేటు 2018-19లో 5.8 శాతం, 2019-20లో 4.8, 2020-21లో 4.2. ఆ చివరి ఏడాదే కరోనా దెబ్బకు దేశ ఉత్పత్తి ఆరు శాతం దాకా కుంచించుకుపోయింది. ఉత్పత్తి పడిపోయింది, నిరుద్యోగమూ తగ్గింది! సూత్రం తలకిందులైనట్టు కనబడుతుంది. జరిగింది మాత్రం అందరికీ తెలిసిందే. పట్నాల్లో పని పోయినవాళ్ళు ఊళ్ళకు వచ్చారు. అన్నదమ్ముల చేనిలో కలుపు తీశారు, నాలుగు గొర్రెలు తోలుకున్నారు. సర్వే వాళ్ళ కళ్ళకు వాళ్ళంతా ‘పనిలో’ ఉన్నవాళ్ళే. వ్యవసాయం మీద ఆధారపడ్డ శ్రామికుల వాటా 2018-19లో 42.5 శాతం ఉంటే 2020-21కి 46.5 శాతానికి పెరిగింది. దశాబ్దాలుగా తగ్గుతూ వస్తున్న వాటా అలా వెనక్కి తిరగడం మామూలు విషయం కాదు.

2023-24 సర్వేలో కర్ణాటక నిరుద్యోగిత రేటు 2.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌ది 4.1. ఆ ఏడాది తలసరి ఆదాయం కర్ణాటకలో సుమారు 3.3 లక్షల రూపాయలు, ఆంధ్రలో సుమారు 2.4 లక్షలు. ఇంతవరకు చూస్తే సంపన్న పొరుగుకు నిరుద్యోగం తక్కువ అనిపిస్తుంది. అదే సర్వేలో కేరళ 7.2 శాతం, మధ్యప్రదేశ్ 1 శాతం అని చూశాక ఆ నమ్మకం నిలవదు. మధ్యప్రదేశ్‌లో పనులు పొంగి పొర్లుతున్నాయని ఎవరూ అనరు. ఇంట్లో గింజలున్నవాడే మంచి ఉద్యోగం కోసం కాచుకుని కూర్చోగలడు. లేనివాడు ఏదో ఒక పనిలో దిగుతాడు, వారానికి ఒక గంట చేసినా వారంవారీ లెక్కలో అది పనే.

కాచుకుని కూర్చునేవాళ్ళు బుక్కపట్నానికి కొత్త కాదు. అక్కడ అందరూ డైట్ అని పిలిచే ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఉంది. అందులో చదివి బయటికి వచ్చినవాళ్ళు టీచర్ పోస్టుల భర్తీకి జరిగే డీఎస్సీ కోసం ఎదురు చూస్తారు. 2018 తర్వాత నియామకాల దాకా పోయిన నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లోనే, 16,347 పోస్టులతో వచ్చింది. నడుమ దాదాపు ఏడేళ్ళు. బేల్దారి పనివాడికి రాష్ట్రాల సరిహద్దు ఒక టోల్‌గేటు మాత్రమే. సిమెంటు కలపడానికి కన్నడం రానక్కర్లేదు. తెలుగు మాధ్యమంలో టీచర్ శిక్షణ పొందినవాడికి అదే సరిహద్దు గోడ. పొరుగు వృద్ధి ఎవరి నిరుద్యోగాన్ని తగ్గిస్తుందన్నది వాళ్ళ చేతిలో ఉన్న పనిని బట్టి ఉంటుంది. రాష్ట్ర సగటులో ఆ ఇద్దరూ ఒకే అంకెలో కలిసిపోతారు.

ఒక చీర దాటే సరిహద్దులు

ధర్మవరంలో మగ్గం ముందు కాసేపు కూర్చుంటే ఈ లంకె చేతికి తగులుతుంది. పడుగులోని పట్టు మడకశిర దగ్గరో హిందూపురం దగ్గరో ఒక మల్బరీ తోటలో మొదలై ఉండవచ్చు. రైతు ఆకు కోసి పురుగుకు మేపుతాడు. పురుగు కుబుసం విడిచే నాలుగు ‘జ్వరాలు’ దాటి పండాక, గూడు అల్లుకునే చంద్రికల మీదికి ఎక్కిస్తాడు. నెల తిరగకముందే గూళ్ళు చేతికొస్తాయి. మిగతా పంటలేవీ నెలకొకసారి డబ్బు చూపించవు కాబట్టి, బోరులో కాస్త నీళ్ళున్న ప్రతి రైతూ ఎప్పుడో ఒకప్పుడు ఇటు చూసినవాడే. గూళ్ళను హిందూపురం మార్కెట్లో అమ్మవచ్చు. ధర బాగుందని కబురొస్తే మూటలు కట్టుకుని కర్ణాటకలోని శిడ్లఘట్టకో, ఆసియాలోనే పెద్ద గూళ్ళ మార్కెట్‌గా పేరున్న రామనగరానికో పోవచ్చు.

అక్కడ రీలరు గూళ్ళను కొని, వేడినీళ్ళలో వేసి దారం లాగిస్తాడు. మంచి బైవోల్టీన్ రకం గూళ్ళయితే ఆరున్నర ఏడు కిలోలకు ఒక కిలో ముడిపట్టు వస్తుంది. ఆ ముడిపట్టు మళ్ళీ సరిహద్దు దాటి ధర్మవరం చేరుతుంది. సూరత్ నుంచి జరీ వస్తుంది. జకార్డు అట్టల మీద బొమ్మ ఎక్కుతుంది. మాస్టర్ వీవర్ ఇచ్చిన పట్టును కూలికి నేసే మగ్గాలే ఊళ్ళో ఎక్కువ. అలా రోజుల తరబడి నేసిన చీర మడత మీద మడతగా బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ దుకాణాలకు పోతుంది. భౌగోళిక గుర్తింపు మాత్రం ధర్మవరం పేరు మీదే ఉంది. ఆకు కోసిన దగ్గర నుంచి పెళ్ళికూతురు కట్టే దాకా ఆ పట్టు రెండు మూడుసార్లు రాష్ట్రం మారుతుంది. దారి పొడవునా చేరిన విలువ ఇంత కర్ణాటక ఖాతాలో, ఇంత ఆంధ్ర ఖాతాలో, కొంత గుజరాత్ ఖాతాలో పడుతుంది.

బెంగళూరులో పెళ్ళిళ్ళ సీజన్ నీరసంగా పోతే, అమ్ముడుపోని చీరలు మాస్టర్ వీవర్ బీరువాలో పేరుకుంటాయి. కొత్త పడుగు ఇవ్వడం ఆపేస్తాడు. నేతగాడు వారంలో రెండు రోజులు నేసి, మిగతా రోజులు అరుగు మీద కూర్చుంటాడు. సర్వే లెక్కలో అతడు నిరుద్యోగి కాడు, ఇంట్లో మగ్గముంది, వారంలో పని దొరికింది. ఓకన్ లెక్క వెతికే నిరుద్యోగం ఇక్కడ పగ్గాలు వదిలేసిన మగ్గంలో, మాస్టర్ వీవర్ దగ్గర పెరిగే బాకీలో ఉంటుంది. రేటులో ఉండదు.

పొరుగు దేశం మాట కూడా ఈ పట్టులోనే ఉంది. ప్రపంచంలో పట్టు ఉత్పత్తిలో చైనాది మొదటి స్థానం, భారత్‌ది రెండో స్థానం. మగ్గాల దగ్గర ‘చైనా పట్టు’ అన్నది రోజూ వినబడే మాట, దారం సమంగా ఉంటుందని పడుగుకు దాన్ని ఇష్టపడేవాళ్ళున్నారు. 2011 కేంద్ర బడ్జెట్‌లో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. గూళ్ళ ధర ఒక్కసారిగా పడిపోయి కర్ణాటక, ఆంధ్ర రైతులు గగ్గోలు పెట్టారు. 2013 బడ్జెట్‌లో దాన్ని 15 శాతానికి పెంచారు. చైనాలో ఉత్పత్తి పెరగడం హిందూపురం మల్బరీ రైతుకు నష్టం, ధర్మవరం నేతగాడికి లాభం. ఒకే జిల్లాలో ఒకే సుంకం ఇద్దరికి రెండు ఫలితాలిచ్చింది. పొరుగు దేశపు వృద్ధి ‘మంచిదా, చెడ్డదా’ అని అడిగే వ్యాసాలు నాకు ఎప్పుడూ సగం ప్రశ్నలాగే తోస్తాయి. ఎవరికి అన్న మాట చేరితే గానీ దానికి జవాబు రాదు.

కరువు పని, బెంగళూరు పని

అనంతపురం ఉమ్మడి జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లాగా దీన్ని చెప్పుకుంటారు. ఆ వాన మీదే లక్షల ఎకరాల్లో వేరుశనగ వేసి, జూలై ఆగస్టుల్లో మబ్బు కేసి చూసి, ఊడలు దిగే వేళకు బెట్ట వస్తే కట్టె మిగుల్చుకున్న ఏళ్ళు ఎన్నో. వలస ఇక్కడ అలా మొదలైంది. ఎవరో మేస్త్రీ బయానా ఇచ్చి పిలుస్తాడు, ఊరి నుంచి నాలుగిళ్ళు కలిసి పోతాయి, పిల్లలు అవ్వతాతల దగ్గర ఉండిపోతారు. బెంగళూరు జనాభాలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు సుమారు 14 శాతమని 2011 జనగణన చెబుతుంది. వాళ్ళలో తరాల కిందట స్థిరపడ్డవాళ్ళున్నారు, నిన్న మొన్న షెడ్డు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదటగా ప్రారంభమైంది ఈ ఉమ్మడి జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ అక్కడికి వచ్చారు. ఇంటికి ఏడాదిలో వంద రోజుల పని అన్నది అప్పటి చట్టం. సీమలో దాన్ని చాలామంది ఇప్పటికీ ‘కరువు పని’ అనే అంటారు. ఇంగ్లీషు దొరల కాలం నుంచి వచ్చిన మాటలాగా, కరువు వస్తే సర్కారు రాళ్ళు కొట్టించి గింజలిచ్చిన జ్ఞాపకం ఆ పేరులో ఉంది. 2025-26లో ఆ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో రోజు కూలి 307 రూపాయలు, కర్ణాటకలో 370. పక్కపక్క పొలాల మీదుగా పోయే సరిహద్దుకు అటూ ఇటూ అదే గుంత తవ్వితే 63 రూపాయలు తేడా. బెంగళూరు కట్టడాల కూలి ఆ రెండింటి కన్నా పైన ఉంటుంది. అయినా అందరూ పోరు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, పశువులున్నవాళ్ళు కరువు పనికే పోతారు. పొరుగు వృద్ధి ఒక ఇంట్లోనే అందరికీ సమంగా అందదు.

పొరుగు మీద ఆధారపడటంలోని ప్రమాదం 2020 మార్చి 25న తెలిసొచ్చింది. లాక్‌డౌన్‌తో బెంగళూరులో క్రేన్లు ఆగాయి, 44వ నంబరు జాతీయ రహదారి మీద జనం నెత్తిన మూటలతో ఉత్తరానికి నడిచారు. ఆ ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో దేశ ఉత్పత్తి దాదాపు నాలుగో వంతు పడిపోయింది. 2020-21లో దేశమంతటా ఉపాధి హామీ కింద సుమారు 389 కోట్ల పనిదినాలు నమోదయ్యాయి, అంతకు ముందెన్నడూ అన్ని లేవు. బెంగళూరులో పుట్టిన నిరుద్యోగం ఇక్కడి చెరువు గట్ల మీద పనిదినాలుగా నమోదైంది.

ఇలాంటిదే అంతకు ముప్ఫై ఏళ్ళ కిందట, ఇంకా దూరపు పొరుగు నుంచి వచ్చింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో తీసుకొచ్చారు. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి పోయినవాళ్ళు అందులో తక్కువేమీ కాదు. మ్యాప్‌లో కువైట్ మనకు పొరుగు కాదు. నెలనెలా డబ్బు వచ్చే చోటు పొరుగే అనుకుంటే రాయచోటికి కువైట్ కన్నా దగ్గర ఊరు లేదు.

ఫ్యాక్టరీ ఇటు వస్తే

ఇన్నాళ్ళూ మనుషులు అటు పోయారు. 2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల సంస్థ కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని పెనుకొండ మండలం ఎర్రమంచిలో 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ కట్టాక లెక్క కొంత మారింది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికి వచ్చింది. వేరుశనగ పొలాలకు రాని నీళ్ళు ఫ్యాక్టరీకి గొల్లపల్లి జలాశయం నుంచి, అంటే హంద్రీ-నీవా కాలువలో వచ్చే కృష్ణా నీళ్ళ నుంచి అందాయి. రైతులు ఆ మాట అప్పుడప్పుడూ అనకపోరు.

ఎర్రమంచిని ఎంచుకోవడానికి ఒక కారణం బెంగళూరే. 2008 మేలో దేవనహళ్ళి దగ్గర కెంపేగౌడ విమానాశ్రయం తెరుచుకున్నాక, నగరానికి ఉత్తరాన ఉన్న నేలంతా విలువ మారింది. ఆ రోడ్డే బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు మీదుగా పెనుకొండ వస్తుంది. ఇంకో కారణం చెన్నై. 1998 నుంచి శ్రీపెరుంబుదూరులో కార్లు తయారుచేస్తున్న హ్యుందాయ్ కియాకు సోదర సంస్థ, విడిభాగాల సరఫరా గొలుసు అక్కడ అప్పటికే ఉంది. పొరుగు వృద్ధి ఫ్యాక్టరీని ఇటు తోయగలదన్నదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ సీమలో లేదు. దాని వెంట కొరియన్ భోజనశాలలు, హాస్టళ్ళు, ఐటీఐ పిల్లలను తీసుకుపోయే కంపెనీ బస్సులు వచ్చాయి. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివిన కుర్రాళ్ళకు దారి తెరుచుకుంది. వేరుశనగ కాయ ఒలిచే ఆడమనుషులకు అసెంబ్లీ లైనులో చోటు లేదు. ఫ్యాక్టరీ వచ్చినా బుక్కపట్నం వైపు నుంచి బెంగళూరు బస్సులు ఖాళీగా పోవడం లేదు.

అన్ని ఆశలూ ఇలా ఫలించలేదు. 2009-10 ప్రాంతంలో ఇదే విమానాశ్రయాన్ని చూపి చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో సుమారు 8,800 ఎకరాలను లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో సేకరించారు. హబ్ రాలేదు. వ్యవహారం కేసుల్లో పడింది, భూమి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. చేను పోయింది, ఉద్యోగం రాలేదు. పొరుగు వృద్ధి మీది ఆశ ఒక్కటే ఇక్కడి జీవనోపాధిని మింగింది. వృద్ధి–నిరుద్యోగ సమీకరణాల్లో ఇలాంటి నష్టానికి గడి ఉండదు.

ఇక పావగడ. అది కర్ణాటకలోని తుమకూరు జిల్లాలోదైనా చుట్టూ దాదాపు అంతా ఆంధ్ర నేలే, ఊళ్ళలో వినబడేది ఎక్కువగా తెలుగే. అక్కడ తిరుమణి చుట్టుపక్కల ఐదు గ్రామాల్లో 13 వేల ఎకరాలు రైతుల నుంచి ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు. భూమి ఉన్నవాడికి వానతో పని లేకుండా కౌలు వస్తుంది. భూమి లేక ఆ చేలల్లో కూలికి పోయినవాడికి పలకలు తుడిచే పని తప్ప మిగిలింది కొంచెమే. ఉత్పత్తి లెక్కలో పావగడ మెరుస్తుంది, ఆ కరెంటులో పని మాత్రం తక్కువ.

స్థానికుడెవరు?

పొరుగు వృద్ధి మన నిరుద్యోగాన్ని తగ్గించాలంటే సరిహద్దు తెరిచి ఉండాలి. ఇటీవలి చట్టాలు దాన్ని మూయాలని చూశాయి. 2019 జూలైలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అన్న చట్టం చేసింది. అలాంటి చట్టమే హర్యానా చేస్తే 2023 నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు కొట్టేసింది. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం మేనేజ్‌మెంటు ఉద్యోగాల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం స్థానికులకు అన్న బిల్లుకు ఆమోదం తెలిపి, ఐటీ సంస్థలు అభ్యంతరం చెప్పడంతో పక్కన పెట్టింది. కర్ణాటకలో కుదరకపోతే మా దగ్గరికి రమ్మని ఆంధ్ర మంత్రి నారా లోకేశ్ ఆ సంస్థలను వెంటనే పిలిచారు. ఏడాది తిరిగేసరికి, 2025 జూలైలో, దేవనహళ్ళి దగ్గర 1,777 ఎకరాల సేకరణను రైతుల ఆందోళనతో కర్ణాటక విరమించుకుంది. విమాన పరిశ్రమకు బెంగళూరు పక్కనే మా వైపు 8 వేల ఎకరాలు సిద్ధంగా ఉన్నాయని ఆయన మళ్ళీ అన్నారు. సొంత రాష్ట్రంలో స్థానికులకే ఉద్యోగాలన్న చట్టం పుస్తకంలో ఉంచుకుని, పొరుగువాడి చట్టాన్ని చూపి పరిశ్రమలను పిలవడంలో ఉన్న తమాషాను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఈ చట్టాలన్నీ అమలై ఉంటే బుక్కపట్నం కుర్రాడు ఎర్రమంచిలో స్థానికుడు, దేవనహళ్ళిలో పరాయివాడు. పావగడ తెలుగు కుర్రాడికి ఎర్రమంచి పక్క ఊరంత దగ్గరైనా అక్కడ పరాయివాడే.

పొరుగును కొలవడం

పొరుగు ప్రభావాన్ని కొలిచే ఆర్థికవేత్తలు ముందుగా ఎవరు ఎవరికి ఎంత పొరుగో ఒక పట్టిక వేసుకుంటారు. సరిహద్దు తగిలితే ఒకటి, లేకపోతే సున్నా అన్నది సులువైన పద్ధతి. కిలోమీటర్లను బట్టి తూకం తగ్గిస్తూ పోవడం మరో పద్ధతి. సరుకుల రవాణాను బట్టి, వలస పోయిన జనాన్ని బట్టి తూకం వేయడం ఇంకొంచెం కష్టమైనది, నిజానికి కాస్త దగ్గరది. పట్టిక మారితే ఫలితమూ మారుతుంది, ఒక్కోసారి గుర్తు కూడా తారుమారవుతుంది. ఆంధ్ర, కర్ణాటకలను రెండు చుక్కలుగా పెట్టి గీత గీస్తే శ్రీకాకుళం, బుక్కపట్నం ఒకే చుక్కలో పడతాయి. రాయచూరు, దేవనహళ్ళి ఇంకో చుక్కలో పడతాయి. బెంగళూరు నగర జిల్లా ఒక్కటే కర్ణాటక ఉత్పత్తిలో మూడో వంతుకు పైగా ఇస్తున్నప్పుడు, ‘కర్ణాటక వృద్ధి’ అన్న మాట ఆ రాష్ట్రంలోనే చాలా జిల్లాలకు పొరుగువాడి మాట.

జిల్లాల వారీగా ఉత్పత్తి లెక్కలను రాష్ట్రాలు వేస్తూనే ఉన్నాయి. చిక్కంతా నిరుద్యోగంతోనే. శ్రామికశక్తి సర్వే చాలాకాలం రాష్ట్రం స్థాయి దాటి కిందికి దిగలేదు. 2025 జనవరి నుంచి సర్వే తీరు మార్చి, నమూనాకు జిల్లాను మూలంగా తీసుకుంటున్నారు, నెలనెలా అంకెలు వేస్తున్నారు. శ్రీ సత్యసాయి జిల్లాను చిక్కబళ్ళాపురంతో నేరుగా పోల్చగల రోజుకు ఇది తొలి మెట్టు.

ఒక చిక్కు మాత్రం నమూనా పెంచితే తీరేది కాదు. ఆరు నెలలకు పైగా ఊళ్ళో లేనివాణ్ణి సర్వే ఆ ఇంటి మనిషిగా లెక్కించదు. సంక్రాంతి తర్వాత పోయి తొలకరికి విత్తనం వేయడానికి వచ్చేవాడు బుక్కపట్నం లెక్కలో ఉంటాడు. ఆ ఏడాది వాన ఆలస్యమై మేస్త్రీ దగ్గర ఇంకో రెండు నెలలు ఆగిపోతే ఉండడు. అప్పుడు ఊరి నిరుద్యోగిత రేటులో అతడు పైనా ఉండడు, కిందా ఉండడు. సర్వే మనిషి వచ్చిన రోజు వాకిట్లో ముసలమ్మ చింతపండు గింజ తీస్తూ కనబడుతుంది, గంటకు పైగా చేసిందంటే ఆ వారానికి ఆమె పనిలో ఉన్నట్టే.